వేలు పెట్టి చూపించండి అత్తయ్యా

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒక రాత్రి జరిగిన సంగతి ఏడాది దాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు మా మేడమెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కుతున్నాను. భయం తీరింది. కోపం మాత్రం పూర్తిగా తీరలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

ముప్పయ్యొక్క ఏళ్లు టీచరుగా నిలబడి పాఠాలు చెప్పాను. విశాఖపట్నం మాధవధారలో మొదటి అంతస్తులో ఉంటాం. ఎడమ మోకాలు లోపలివైపు నొప్పి మొదలై నాలుగేళ్లయింది. చివరి రెండేళ్లూ మెట్టుమెట్టుకీ ఆగేదాన్ని. సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ, ఆ 32 కిలోమీటర్లూ, రెండుసార్లు చేసినదాన్ని. అలాంటిది రైతుబజారుకి వెళ్లి రావడానికి కూడా ఆటో కావాల్సొచ్చింది.

నగరంలో ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాం. పెద్ద డాక్టరు ఎక్స్‌రే లైటు మీద పెట్టి ఓపిగ్గా చెప్పారు. మోకాలికి మూడు గదులుంటాయట: లోపలివైపు, బయటివైపు, చిప్ప కింద. నాకు అరిగింది లోపలిదొక్కటే. ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు బాగున్నాయి కాబట్టి మోకాలంతా మార్చనక్కర్లేదు, ఆ ఒక్క గదీ మారిస్తే చాలు, సగం మోకాలు మార్పిడి అన్నమాట. కోత చిన్నది, మర్నాడే నడక. విని ఎంత సంతోషపడ్డానో. ఒప్పుకోలు కాగితంలో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం, ఎముక విరగడం అని వరసగా ఉన్నాయి. మా ఆయన సంతకం పెట్టారు. ఆ చివరి మాట దగ్గర ఎవరం ఆగలేదు, చదివించినవాళ్లూ ఆగలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వెన్నుకి సూది, ముందు తెర, అవతల రంపం చప్పుడు, తరవాత సుత్తి దెబ్బలు. మూడోరోజు వాకర్‌తో ఇంటికొచ్చాను.

పదకొండో రాత్రి. బయట జోరువాన. బాత్‌రూమ్ గడప దగ్గర తిరగబోతుంటే మోకాలి కింద లోపల ఏదో కిటుక్కుమంది. పడలేదు, జారలేదు. ఆ కాలి మీద బరువు పడేసరికి కళ్లముందు చీకటి కమ్మింది. మా ఆయన ఎత్తి మంచం మీద కూర్చోబెట్టారు. కాలు కదిపితే ప్రాణం పోతోంది, కదపకపోతే లోపల ఎవరో మేకు తిప్పుతున్నట్టు ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు మాట్లాడాడు. కుర్రాడి గొంతు. నేను చెప్పిందంతా విని అన్న మాట ఇది:

"ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉండదా అమ్మా? మీకు ఓర్పు తక్కువలా ఉంది. పారాసిటమాల్ వేసుకుని పడుకోండి."

ఇద్దరు పిల్లల్ని కన్నాను. మణికట్టు విరిగితే కట్టు కట్టించుకుని మర్నాడే బడికి వెళ్లాను. ఓర్పు తక్కువట. కానీ ఆ రాత్రి నేనూ ఆ మాట నమ్మాను, అదే నన్నిప్పటికీ బాధపెడుతుంది. అందరూ నడుస్తున్నారు, నేనే ఓర్చుకోలేకపోతున్నానేమో అనుకుని దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ అప్పన్నని పిలిచాను. తెల్లారేదాకా నిద్ర లేదు.

తరవాత నాలుగు రోజులు ఆ కాలితోనే నడిపించారు. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి "వంచాలమ్మా, వంచకపోతే బిగుసుకుపోద్ది" అని వంచాడు. అతనికి చెప్పినవాళ్లు లేరు, అతన్నేమీ అనను. మా ఆడపడుచు చూడ్డానికి వచ్చి "నడుస్తున్న కాలిని చేజేతులా కోయించుకున్నావు వదినా" అంది. మా ఆయనేమో "పెద్ద డాక్టరు చేశాడు, ఊరికే అనుమానపడకు" అన్నారు. భయపడితే అలా గట్టిగా మాట్లాడడం ఆయనకి అలవాటు. తెలిసినా ఆ పూట కష్టంగానే అనిపించింది.

అయిదోరోజు మా కోడలు గాజువాక నుంచి సెలవు పెట్టి వచ్చింది. నా పక్కన నేలమీద కూర్చుని, "మోకాలంతా నొప్పా, ఒకచోటేనా? వేలు పెట్టి చూపించండి అత్తయ్యా" అంది. కుట్ల దగ్గర కాదు, చిప్ప దగ్గర కాదు. కీలుకి రెండువేళ్ల కింద, లోపలి గట్టు మీద పెట్టాను. తను అక్కడే మెల్లగా నొక్కింది. నా కేకకి కింద వాటావాళ్లు పైకొచ్చారు. వేలు అటూఇటూ జరిపి నొక్కితే అంత నొప్పి లేదు. "ఇది కుట్ల నొప్పి కాదు, ఎముక నొప్పి" అని అప్పటికప్పుడు కారు పిలిచింది. తను బ్యాంకులో పనిచేస్తుంది, డాక్టరు కాదు. అడగడానికి చదువక్కర్లేదు కదా.

ఎక్స్‌రేలో పెద్దగా తెలియలేదు. "బాగానే ఉంది" అని పంపేయబోతుంటే కోడలు కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. సీటీ స్కాన్ తీశారు. అందులో ఎముక విరిగిన గీత స్పష్టంగా కనపడింది. ఆపరేషన్‌లో కొత్తగా పెట్టిన లోహపు పళ్లెం పక్కనుంచి కిందికి దిగి, లోపలి అంచు దాకా వెళ్లింది. ఆ ముక్క కాస్త కిందికి జారింది కూడా.

ఇక్కడ పెద్ద డాక్టరు గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన దాచలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీద బొమ్మ వేశారు. కాలి ఎముక పైభాగాన లోపలివైపు కొంత కోసి, ఆ చోట లోహపు పళ్లెం కూర్చోబెడతారు. కోత సరిగ్గా పడాలని ఒక మూస బిగిస్తారు, అది కదలకుండా ఎముకలోకి పిన్నులు దించుతారు. అప్పుడు ఒక అడ్డకోత, ఒక నిలువుకోత. నిలువుకోత కాస్త లోతుగా దిగినా, పిన్నుల చిల్లులు ఎక్కువైనా, అంచుకి దగ్గరగా పడినా, సుత్తి దెబ్బ గట్టిగా తగిలినా ఆ గట్టు బలం తగ్గిపోతుంది. ఎముక గుల్లబారి ఉంటే మరీను. ఒక్కోసారి బల్లమీదే విరుగుతుంది. ఒక్కోసారి సన్నటి చీలికగా మొదలై, నడక మొదలెట్టాక మొదటి వారాల్లో విడిపోతుంది. "అరుదమ్మా, కానీ మీకు జరిగింది. నా నిలువుకోత కొంచెం కిందికి దిగి ఉండొచ్చు" అన్నారాయన. ఆ ఒక్క వాక్యానికి నేను చెయ్యెత్తి దండం పెట్టాను. అంత ధైర్యంగా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది?

ఆ వెంటనే ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం ఒళ్లు మండింది. "ఇదివరకెప్పుడైనా చిన్న దెబ్బకే ఎముక విరిగిందా?" విరిగింది. రెండేళ్ల కిందట బాత్‌రూమ్‌లో జారి, నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగింది. నలభై ఒకటో ఏట గర్భసంచి, అండాశయాలతో సహా తీసేశారు. "పిల్లలయ్యారుగా, ఇంకెందుకమ్మా అది" అని ఎంత తేలిగ్గా అన్నారో అప్పుడు! నా తోటి టీచర్లలో చాలామందిది ఇదే కథ. అండాశయాలు పోతే ఎముకకి కాపలా పోయినట్టేనని ఇరవై ఏళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు. మోకాలు కోసే ముందు షుగరు, బీపీ, గుండె అన్నీ చూశారు. ఏ ఎముకని కోస్తున్నారో ఆ ఎముక గట్టిగా ఉందా అని చూడలేదు.

ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అప్పుడు తీశారు. అందులో వచ్చే స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందగానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. నాది మైనస్ 2.9. డి విటమిన్ 11, కనీసం 20 ఉండాలి.

రెండో ఆపరేషన్‌లో పక్కనుంచి ప్లేటు, స్క్రూలు వేశారు. లోహపు పళ్లెం వదులు కాలేదు కాబట్టి దాన్ని ఉంచేశారు. వదులైపోయి ఉంటే మోకాలంతా మార్చి, ఎముకలోకి పొడుగు కాడ ఉన్నది దించాల్సొచ్చేదట. డాక్టరు తన ఫీజు తీసుకోలేదు. మిగతా బిల్లు మేమే కట్టాం. ఆ రాత్రి వార్డులో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ఆయా నా చెయ్యి పట్టుకుని, "ఏటి కాదు తల్లీ, నానున్నాను. అరవాలనుంటే అరిసెయ్" అంది. ఓర్చుకోమని అనలేదు. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

ఆరు వారాలు కాలు నేలకి ఆన్చలేదు. బెడ్‌పాన్, చక్రాల కుర్చీ, పక్కమీదే అన్నం. వాటి గురించి చెప్పను. మా ఆయన పొద్దున్నే నా జడ వేయడం నేర్చుకున్నారు. ఆ జడ వేస్తూ ఒకరోజు "నీ మాట వినాల్సింది" అన్నారు. అక్కడితో ఆయన మీద కోపం పోయింది.

ఆపరేషన్‌కి వెళ్లబోయేవాళ్లకి చెబుతున్నాను, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్లకి. గర్భసంచి తీయించుకున్నా, నెలసరి త్వరగా ఆగినా, చిన్న దెబ్బకి ఎముక విరిగినా, స్టెరాయిడ్ మాత్రలు వాడినా, డాక్టర్లు అడగకపోయినా మీరే చెప్పండి. డెక్సా తీయించమని అడగండి. సగం మోకాలు మార్పిడిని తప్పుపట్టడం లేదు. మా వీధిలో ఒకావిడ చేయించుకుని హాయిగా తిరుగుతోంది. ఇంటికొచ్చాక ఉన్నట్టుండి కొత్త నొప్పి మొదలై, బరువు మోపలేకపోతే, ఎక్స్‌రే బాగుందన్నా సీటీ అడగండి.

ఎముకలు ఇంకా గుల్లబారకుండా ఏడాదికొకసారి వేసే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ నాకు సెలైన్‌లా ఎక్కించారు. దానికి ముందు డి విటమిన్ పెంచి, కిడ్నీలు, పళ్లు చూసుకున్నారు. ఒకరోజు జ్వరం వచ్చింది, తగ్గింది.

మొన్న ఆషాఢ పౌర్ణమికి ప్రదక్షిణ చేయలేకపోయాను. సాయంత్రం నుంచి మా వీధి చివర బల్ల వేసుకుని నడిచేవాళ్లకి మజ్జిగ పోశాం. అర్ధరాత్రి దాటాక ఒక పెద్దావిడ, కాళ్లకి చెప్పుల్లేవు, మోకాలు పట్టుకుని బల్ల అంచున కూలబడింది. వెంట ఉన్న మనవడు "మా మామ్మకి ఓర్పు లేదండీ, ఊరికే ఆగిపోతాది" అన్నాడు. నేను గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ ముందు మెల్లగా కుర్చీలో కూర్చున్నాను.

"ఎక్కడమ్మా నొప్పి? వేలు పెట్టి చూపించు."