తమ్ముడికి గార్డియన్‌ని అయిన తీరు

బాపు (నాన్న) పోయాక రైతు బీమా ఐదు లక్షలు తమ్ముడి ఖాతాలో పడ్డాయి. నామినీగా బాపు వాడి పేరే రాయించాడు. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు, బుద్ధి ఎదుగుదల తక్కువ. తన పనులు తాను చేసుకుంటాడు, బర్రెలను మేపుకొస్తాడు, ఊళ్లో ప్రతి ఒక్కరినీ వరస కలిపి పిలుస్తాడు. పైసల లెక్క మాత్రం తెలియదు. వంద నోటు, ఐదు వందల నోటు వాడికి ఒక్కటే. మాది పరకాల దగ్గర పల్లె. నేను పెండ్లయి హనుమకొండలో ఉంటాను.

అమ్మ వాడిని వెంటబెట్టుకుని బ్యాంకుకు పోయింది. "ఏం రాసుందో ఆయనకే తెలియదు, వేలిముద్ర తీసుకుని మేమెట్ల ఇస్తమమ్మా? గార్డియన్ సర్టిఫికెట్ పట్టుకరా" అన్నారు. "కన్నతల్లిని, నాకంటే గార్డియన్ ఎవరు?" అని అమ్మ ఆ రాత్రి ఫోన్‌లో ఒకటే ఏడుపు.

బ్యాంకు అడిగిన దాంట్లో తప్పు లేదు. పద్దెనిమిది నిండేదాకే తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. ఆ తర్వాత బుద్ధి ఎంత ఉన్నా, చట్టం లెక్కలో వాడు మేజరే. నాకు కోపం వచ్చింది వేరే విషయానికి. ఆ కాగితం ఎవరిస్తారో అక్కడ ఎవరూ చెప్పలేదు. "కోర్టుకు పోండి" అన్నారంతే. తెలిసిన వకీలును అడిగితే ఆయనా పిటిషన్ వేయాలన్నాడు, ఫీజు కూడా చెప్పాడు.

దారి చూపింది తమ్ముడికి చిన్నప్పుడు చదువు చెప్పిన స్పెషల్ టీచర్. "కోర్టు దాకా ఎందుకమ్మా, కలెక్టర్ దగ్గర కమిటీ ఉంటది" అన్నారు మేడమ్. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకు ఒక స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. కలెక్టర్ హోదా అధికారి, ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ నుంచి ఒకరు, దివ్యాంగుల్లో ఒకరు అందులో ఉంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి గార్డియన్‌ను నియమించే అధికారం ఈ కమిటీకి ఉంది. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను బ్యాంకులు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ కూడా ఎప్పుడో చెప్పింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చూపు లేనివారిని, వినపడనివారిని, నడవలేనివారిని కూడా కొన్నిచోట్ల గార్డియన్‌ను తెమ్మంటున్నారట. అది అన్యాయం. ఆస్తి ఉంచుకోవడానికి, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవడానికి దివ్యాంగులకు అందరితో సమానంగా హక్కుందని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టంగా చెబుతోంది. వాళ్ల సంతకం వాళ్లదే.

ముందు వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ పని పడింది. పాతది టెంపరరీ, గడువు దాటిపోయింది. మీసేవలో స్లాట్ బుక్ చేసి ఆస్పత్రి క్యాంపుకు తీసుకుపోయాం. సైకాలజిస్ట్ ఐక్యూ పరీక్ష చేస్తుంటే తమ్ముడు ఆయన్నే "మామా, నీది ఏ ఊరు?" అని ఎదురు అడిగాడు. 75 శాతం అని రాశారు. పింఛనుకైనా, చివరికి ఈ గార్డియన్ దరఖాస్తుకైనా అప్పుడు ఈ ఒక్క కాగితమే మొదలు. గడువు రాసి ఉంటే ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి.

అసలు టెన్షన్ ఆఫీసుల్లో కాదు, ఇంట్లోనే మొదలైంది. గార్డియన్ ఎవరు? అమ్మే అయితే బాగుండేది కానీ, ఆమెకు బీపీ, షుగర్. ఆమె తర్వాత మళ్లీ ఇదంతా మొదటికి వస్తుంది. నా పేరు పెడదామంది అమ్మ. మా చిన్నాయినకు నచ్చలేదు. "పెండ్లయి పోయిన ఆడిబిడ్డకు ఇంటి పైసల మీద పెత్తనమేంది? రేపు పొలం కూడా రాయించుకుంటది" అన్నాడు. నా ముందే అన్నాడు. తమ్ముడి పేరు మీద విరాసత్ (వారసత్వ బదిలీ) అయిన భూమి ముప్పై గుంటలు. మాట గుచ్చుకుంది, కానీ చిన్నాయిన భయం ఉత్తదేం కాదు. ఇట్లాంటి పిల్లల భూములు అన్నదమ్ములే కాజేసిన ఇండ్లు మా చుట్టుపక్కల లేకపోలేదు.

అందుకే నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉన్నది ఆయనకు చదివి వినిపించాను. గార్డియన్ అయినంత మాత్రాన ఆస్తి నాదవదు. నియమించిన ఆరు నెలల్లోగా వాడి ఆస్తి, అప్పుల లిస్టు కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపాలి. నేను సరిగ్గా చూడకపోయినా, డబ్బు తిన్నా బంధువులు ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, కమిటీ నన్ను తీసేయొచ్చు. "అయితే నేనే ఫిర్యాదు చేస్త" అన్నాడు చిన్నాయిన. చెయ్యి చిన్నాయినా అన్నాను. సాక్షిగా సంతకం పెట్టింది కూడా ఆయనే.

దరఖాస్తు ఫారం-ఎ. తల్లి గానీ తండ్రి గానీ తమకు నచ్చిన వ్యక్తిని గార్డియన్‌గా సూచించవచ్చు కాబట్టి దరఖాస్తు అమ్మ పేరు మీద పెట్టి, అందులో నా పేరు రాశాం. సదరం, ఆధార్‌లు, వయసు రుజువు, ఫోటోలు, బాపు మరణ ధ్రువపత్రం, పాస్‌బుక్కుల జిరాక్సులు జత చేశాం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ నంబరుతో సంక్షేమ శాఖ సెక్షన్‌లో కనుక్కుంటూ వచ్చాం. కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని చట్టంలో ఉంది. మన ఫైలు ఆ మీటింగ్ ఎజెండాలో ఉందా లేదా అన్నదే అడగాలి. "ఏమైంది సార్" అంటే "చూస్తున్నం" అంటారు. "వచ్చే మీటింగ్‌లో ఉందా సార్" అంటే ఫైలు తీసి చూస్తారు.

మీటింగ్ రోజు నన్ను ఎక్కువ ప్రశ్నలే అడుగుతారనుకున్నాను. కమిటీలో వీల్‌చైర్‌లో ఉన్న ఒక సార్ నేరుగా తమ్ముడినే అడిగారు: "నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది?" వాడు అమ్మను చూపించాడు. గదిలో అందరూ నా వైపు చూశారు. "మరి అక్క?" అన్నారు. "అక్క ఆదివారం వస్తది, చికెన్ తెస్తది" అన్నాడు. ఆ సార్ నవ్వి, వాడు తల్లి దగ్గరే ఉంటాడని, డబ్బు, భూమి వ్యవహారాలు నేను చూస్తానని నాతో రాయించుకున్నారు. వాడిని అడగడమే నాకు ఆ మొత్తం వ్యవహారంలో నచ్చిన విషయం. మా ఇంట్లో మేమెవరం వాడిని అడగలేదు.

సర్టిఫికెట్ వచ్చాక బ్యాంకులో పని తొందరగానే అయింది. నాలుగు లక్షలు వాడి పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. వడ్డీ వాడి ఖాతాలోకే వస్తుంది. ఆసరా పింఛను 4,016 ఎప్పటిలాగే పోస్టాఫీసులో వాడికే ఇస్తున్నారు. ఆ నేషనల్ ట్రస్ట్ చట్టం కిందే నిరామయ అనే ఆరోగ్య బీమా ఉందని, ఏడాదికి లక్ష వరకు వర్తిస్తుందని టీచర్ మేడమే చెప్పారు. దానికీ పేరు రాయించాం.

మొదటి ఏడాది లెక్క రాసేటప్పుడు అమ్మతో చిన్న పేచీ వచ్చింది. వాడికి జ్వరం తగ్గితే మేడారంలో వాడి ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) ఇస్తానని ఆమె మొక్కుకుంది. బెల్లం వాడి బరువుకు తూగింది కాబట్టి వాడి పైసల్లోంచే ఇవ్వాలంటుంది. మొక్కు నీది, పైసలు నీవే పెట్టు అన్నాను. పెట్టింది. మందుల బిల్లులు, రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు మాత్రం వాడి లెక్కలో రాసి, రసీదులు పిన్ కొట్టి సెక్షన్‌లో ఇచ్చి వచ్చాను. ఒక జిరాక్సు చిన్నాయినకు కూడా ఇచ్చాను.