రోజుకు మూడు పుటలు

పోర్టు అకౌంట్స్ విభాగం నుంచి 2022 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేసిన మర్నాటి నుంచీ నా చెవిన ఎక్కువగా పడిన మాట "మీకు ఖాళీయే కదా" అన్నది. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పదవి ఆ మాటతోనే నా ఇంటికి నడిచి వచ్చింది. పక్క ఫ్లాటువారి గ్యాస్ బండ దింపించుకోవడం, మనవరాలిని బడి నుంచి తీసుకురావడం, బంధువుల పెన్షన్ కాగితాలు నింపిపెట్టడం కూడా దాని వెనకే వచ్చి చేరాయి. ఇవి చేయరాని పనులని అనను, మనవరాలి పనైతే అడిగి మరీ చేస్తాను. కానీ ఏడాది తిరిగేసరికి, ఉద్యోగంలో ఉండగా కనీసం ఆదివారమైనా నాదిగా ఉండేదనీ, ఇప్పుడు వారంలో ఏ రోజూ నాది కాకుండా పోయిందనీ తెలిసివచ్చింది. బీచ్ రోడ్డులో పొద్దున్నే నాతో నడిచే మిత్రులలో సగం మందిది ఇదే గోడు, మిగిలిన సగం మందిది పొద్దు పోవడం లేదన్న గోడు.

నాకు ఒక పని దొరకడానికి మూలం హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం అది విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో వెనుక గది కిటికీ అద్దాలు పగిలి, మా నాన్నగారి పుస్తకాల బీరువా నిలువునా తడిసింది. కరెంటు లేని ఆ రోజుల్లో పుస్తకాలను మేడ మీద ఆరబెట్టాము. నున్నటి కాగితం మీద అచ్చయినవి అట్టముక్కల్లా అతుక్కుపోయాయి. పాతవి ఆరిన తరువాత అప్పడాల్లా పెళుసెక్కి, తెరవబోతే అంచుల నుంచి విరిగి చేతిలో రాలాయి. అలా పోయినవాటిలో, ఆయన తరచుగా చదువుకునే ఒక పాత వచన గ్రంథం ఉండేది. విరమణ తరువాత ఒక సాయంత్రం ఊరికే దాని పేరు నెట్‌లో వెతికితే, పాత పుస్తకాలను స్వచ్ఛందంగా దిద్ది అందరికీ ఉచితంగా అందించే తెలుగు వికీసోర్స్ అనే సైటులో దాని స్కాన్ కనిపించింది. అయితే అక్కడ ఉన్నవి పుటల బొమ్మలే. అక్షరాలను ఇంకా ఎవరూ సరిచూడలేదు.

ఆ సరిచూసే పనినే నేను చేపట్టాను. అది ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. తెర మీద ఒక పక్క పాత పుట బొమ్మ, మరొక పక్క దానిని చూసి ఓసీఆర్ అనే యంత్రం గుర్తుపట్టిన పాఠం ఉంటాయి. యంత్రం తెలుగును చాలావరకు బాగానే చదువుతుంది గాని, అచ్చు మాసిన చోట "పాలు" "వాలు"గా మారుతుంది, ఒత్తులు జారిపోతాయి, అరసున్నలు (ఁ) ఎగిరిపోతాయి. మనం రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి దిద్దాలి. ఎవరూ చూడని పుట ఎరుపు రంగులో, ఒకరు దిద్దిన పుట పసుపులో, రెండవ మనిషి కూడా చూసి సరేనన్నది ఆకుపచ్చలో కనిపిస్తాయి. పసుపు చేసినవారే ఆకుపచ్చ చేయడానికి వీలు లేదు. వోచరు రాసినవాడే దానిని పాస్ చేయకూడదన్న నియమం కింద ముప్పై ఏళ్ళకు పైగా బతికిన నాకు ఆ కట్టుబాటు చూడగానే ప్రాణం లేచివచ్చింది.

రచయిత కాలం చేసిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు గడిస్తే మన దేశంలో గ్రంథస్వామ్యం (కాపీరైట్) తీరిపోయి, పుస్తకాన్ని ఎవరైనా ఇలా నెట్‌లో పెట్టవచ్చు. అంటే 1964లో మరణించినవారి పుస్తకాలు 2025 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. స్కాన్ ఉండగా మళ్ళీ ఈ శ్రమ ఎందుకని మా ఆవిడ అడిగింది. బొమ్మలో మాటను వెతకలేము, ఫోను తెరకు తగినట్టు అక్షరాలను పెద్దవి చేసుకోలేము, చూపు లేనివారికి వినిపించే యంత్రం దానిని చదవలేదు. దిద్దిన పాఠమైతే ఈ మూడింటికీ పనికివస్తుంది.

మొదటి నెలలోనే ఒక తప్పు చేశాను. పుస్తకాన్ని నేటి పాఠకులకు సులువు చేస్తున్నాననుకుని "గుఱ్ఱము"ను "గుర్రం"గా, "వాఁడు"ను "వాడు"గా మార్చుకుంటూ దాదాపు నలభై పుటలు పోయాను. రెండవ చూపు చూసినవారు, పేరును బట్టి కుర్రవాడే అనిపించింది, అన్నింటినీ వెనక్కి మార్చి, "అయ్యా, మూలంలో ఎలా ఉంటే అలాగే ఉంచండి, అరసున్నను తీసేస్తే అర్థం మారే చోట్లు ఉంటాయి" అని రాశారు. ఆ రోజంతా ముఖం మాడ్చుకున్నమాట నిజం. తరువాత నేను దిద్దిన ఒక వాక్యాన్నే మళ్ళీ చూస్తే, "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే అంకె. నేను అరసున్న తీసేసిన చోట రచయిత ఒక సంవత్సరం సంగతి చెబుతుంటే నా పాఠంలో అది ఏడుగా కూర్చుంది. తమిళంలో సంవత్సరాన్ని "ఆండు" అంటారు. అందులోని ణకారమే మన దగ్గర చిక్కి అరసున్నగా మిగిలింది. స్కూల్లో అరసున్నలను దండగ అనుకున్నవాడిని, అరవై దాటాక దాని విలువ తెలుసుకున్నాను.

ఇప్పుడు ఉదయం పది నుంచి పన్నెండు వరకు నాకు ఖాళీ లేదు. ఈ మాట సంఘం సమావేశంలో అందరి ముందూ చెప్పి, కార్యదర్శి పదవిని కూడా అక్కడే వదులుకున్నాను. పుటకు అరగంటకు పైగా పడుతుంది, పుట అడుగున వివరణలు (అధోజ్ఞాపికలు) ఉంటే ఇంకా ఎక్కువ. మూడు పుటలకు మించి చేస్తే కళ్ళు లాగి, యంత్రం చేసిన తప్పులే ఒప్పులుగా కనిపిస్తాయి. మూడుతో ఆపేయడం నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది.

నాన్నగారి పుస్తకంలో ప్రస్తుతం 143వ పుటలో ఉన్నాను. స్కాన్ చేసిన ప్రతి ఎవరిదో తెలియదు గాని, దానిలో అక్కడక్కడ వాక్యాల కింద పెన్సిల్ గీతలు ఉన్నాయి. నాన్నగారు కూడా అలాగే గీసుకునేవారు, స్కేలు పెట్టకుండా, చివర కాస్త పైకి ఎత్తి. పాఠకుల గీతలను మనం పాఠంలోకి ఎక్కించనక్కరలేదు. వాటి దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం బొమ్మను కొంచెం పెద్దది చేసి చూసి, తరువాతి పంక్తికి వెళ్తాను.