మాస్టారు, కట్టమంచి, మా నాటకం

డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు తర్వాతి రోజుల్లో ఒక యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారని మన బ్యాచ్‌ల వాళ్లందరికీ తెలుసు. ఆయన చేసిన పదవుల గురించి మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం కోసం వేస్తున్న ఈ సంచికలో ఎవరో ఒకరు రాస్తారు. నాకు రాయాలనిపించింది ఆయన చెప్పిన కట్టమంచి రామలింగారెడ్డి గారి కబుర్లు, మాతో వేయించిన నాటకం.

కట్టమంచి అంటే మాస్టారికి ప్రాణం. 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. 1931 నుంచి రాధాకృష్ణన్ గారు నడిపారు. 1936లో కట్టమంచి మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. సిలబస్‌లో లేని ఈ సంగతులు చెబుతుంటే మాస్టారికి బెల్లు కూడా వినపడేది కాదు. “రాజీనామా ఇచ్చినాయన్నే మళ్లీ పిలిచి కుర్చీ వేశారంటే ఎంతటివాడో చూడండిరా!” అనేవారు.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో కట్టమంచి రాసిన ‘ముసలమ్మ మరణము’ కావ్యాన్ని మాస్టారు గంట నాటకంగా మలిచారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ అనే కోడలి కథ అది. పెన్న పొంగితే రాత్రంతా మేలుకునే ఊళ్ల పిల్లలం మేము. ఆ భయం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నెల్లూరు పురమందిరంలో రిహార్సల్. ముసలమ్మ వేషం వేసిన అమ్మాయి ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకునే పద్యాన్ని పెద్ద రాగం తీసి పాడింది. వెనక వరసలోంచి మాస్టారు లేచి వచ్చారు. “అమ్మా, అవతల నీళ్లు కట్టను కొడుతున్నాయి. అంత రాగం తీసే తీరిక ఆమెకెక్కడిది? మాట వినపడనీ” అన్నారు. రెండోసారి ఆ అమ్మాయి దాదాపు మాట్లాడినట్టే చెప్పింది. హార్మోనియం పెద్దాయన శ్రుతి మాత్రం పట్టి ఊరుకున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది.

వైస్ ఛాన్సలర్ అయ్యాక ఒకసారి ఆయన ఆఫీసుకి వెళ్లాను. టేబుల్ మీద ఫైళ్ల పక్కన విద్యార్థుల నాటకం స్క్రిప్టు ఉంది. సంగీతం, నాటకం శాఖల్లో ఖాళీ పోస్టులు ఎత్తేయాలన్నప్పుడు, ఆ శాఖలు వార్షికోత్సవానికి అలంకారం కాదని మీటింగులో గట్టిగా వాదించి నిలబెట్టారని అక్కడివాళ్లు చెప్పారు. ఎన్ని బిల్డింగులు కట్టించినా, నా మటుకు ఆయన చేసిన పెద్ద పని అదే.

2008లో మన జిల్లాకి విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది. అక్కడి పిల్లలు ఈ నాటకం వేస్తే చూడాలని నా కోరిక. మాస్టారి ఎర్ర సిరా దిద్దుబాట్లతో ఉన్న స్క్రిప్టు నా దగ్గర భద్రంగా ఉంది. కావాలన్నవాళ్లు సమ్మేళనం రోజున అడగండి, జిరాక్స్ తీయించి ఇస్తాను.