రాధామనోహరం పూసింది: మూడేళ్ల పెంపకం

గుంటూరులో మా ఇంటి పడమటి గోడ పక్కన 2022 జులైలో రాధామనోహరం తీగ నాటాను. మొక్క కొనలేదు. అత్తయ్యగారి పెరట్లో తల్లితీగ వేళ్ల నుంచి లేచిన పిలకను వేరుతో సహా తవ్వి తెచ్చుకున్నాను. మాది నల్లరేగడి, ఎండలకు నెర్రెలిస్తుంది, వానలకు నీరు నిలుస్తుంది. అందుకే రెండడుగుల గొయ్యి తీసి, ఆ మట్టిలో మూడో వంతు ఇసుక, రెండు గంపల మాగిన పశువుల ఎరువు కలిపాను.

మొదటి ఏడాది పొదలాగే ఉంది. ఇది తీగేనా అని అనుమానం వచ్చింది. దీని తీరే అంత, ముందు గుబురుగా పెరిగి ఆ తర్వాతే సాగుతుంది. నులితీగలు ఉండవు. ఆకు రాలిన చోట కాడ మొదలు మిగిలి ముల్లులా గట్టిపడుతుంది, దాన్నే కొక్కెంలా తగిలించుకుని పైకి పోతుంది. నున్నటి గోడ దానికి పనికిరాదు కాబట్టి ఇనుప గొట్టాలతో పందిరి వేయించి, కొబ్బరి తాడుతో వదులుగా కట్టాను. కట్టేటప్పుడు చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకోవాలి, బాగా గీరుకుంటుంది.

రెండో ఏడు డాబా దాటింది. పందిరి నిండా ఆకు, పూలు మాత్రం రెండే గుత్తులు. ఎంత బాధపడ్డానో! తప్పు నాదే. నెలనెలా వేరుశనగ పిండి నానబెట్టి పోశాను. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. పైగా కరెంటు తీగల మీదికి పోతోందని జూన్‌లో కత్తిరించాను. ఇది కొత్త చిగుళ్ల చివరన పూస్తుంది. మొగ్గలన్నీ ఆ కొసలతోనే పోయాయి.

ఈ ఏడు సంక్రాంతి వెళ్లగానే కత్తెర పట్టాను. ఎండు పుల్లలు, పెనవేసుకున్న సన్న కొమ్మలు తీసేసి, బలమైన ఐదు కాడలను పందిరి ఎత్తున ఆపాను. పశువుల ఎరువు ఒక్కసారే వేశాను, పిండి నీళ్లు మానేశాను. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే రెండు బకెట్ల నీళ్లు పోసి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకు పరిచాను.

మే చివర్లో పూత మొదలై ఇప్పటికీ ఆగలేదు. నిన్న సాయంత్రం ఒక్క గుత్తిలోనే మూడు రంగులు: అప్పుడే విచ్చుకున్నవి తెలుపు, మొన్నటివి గులాబీ, అంతకు ముందువి ఎరుపు. చీకటి పడ్డాక వాసన వీధి మలుపు దాకా వచ్చింది. పొడవాటి తొండం ఉన్న పెద్ద రెక్కల పురుగు ఒకటి గాలిలోనే నిలిచి తేనె తాగుతుంటే, మా అమ్మాయి, నేను కదలకుండా చూశాం.

ప్రహరీ దగ్గర మూడు పిలకలు లేచాయి. వాటిలో ఒకటి పక్కింటి పిన్నిగారికి. వాన పడి నేల మెత్తబడ్డాక తవ్వుతాను.