రామిప్రిల్ నుంచి టెల్మిసార్టాన్‌కు: నా అనుభవం

రక్తపోటుకు నాకు మొదట రాసిచ్చిన మందు రామిప్రిల్. బీపీ అదుపులోకి వచ్చింది గాని, పొడి దగ్గు పట్టుకుంది. మిరియాల పాలకూ తులసి కషాయానికీ లొంగని ఆ దగ్గు మందు వల్లనే వస్తున్నదనీ, ఆ వర్గం మందులన్నింటితోనూ కొందరికి ఇలా జరుగుతుందనీ చెప్పి, డాక్టరుగారు దానికి బదులు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. కొన్ని వారాలకు దగ్గు పోయింది.

అసలు జాగ్రత్తలు ఈ కొత్త మందుతోనే మొదలయ్యాయి. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత మరోసారి రక్తంలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, దానితోపాటు పొటాషియం పరీక్ష చేయించమన్నారు. ఈ మందు వాడేవారిలో, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉంటే, పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ మాట విన్నాక, బీపీకి మంచిదని మా ఇంట్లో వాడుతున్న ‘లో సోడియం’ ఉప్పు ప్యాకెట్టు వెనుక సన్నని అక్షరాలు చదివితే, అందులో పొటాషియం క్లోరైడ్ కలిసి ఉంది. డాక్టరుగారు దాన్ని మాన్పించి, మామూలు ఉప్పునే తగ్గించుకోమన్నారు. ఆవకాయ సంగతి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బీపీని పెంచడమే గాక, ఈ మందుతో కలిస్తే మూత్రపిండాలకు చేటు చేయగలవు కనుక, వాటి స్థానంలో పారాసెటమాల్ సూచించారు.

మాత్రల పట్టీ కొనేటప్పుడు పేరు చివరి అక్షరం దాకా చదవడం నాకిప్పుడు అలవాటు. ‘హెచ్’ ఉంటే అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, ‘ఏఎమ్’ ఉంటే మరో బీపీ మందు ఆమ్లోడిపిన్ కలిసి ఉన్నట్టు. రంగు, పేరు మాత్రం అన్నింటికీ దాదాపు ఒకటే. టెల్మిసార్టాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వారం మాత్రలు ముందే విప్పి డబ్బాలో సర్దుకోకుండా, వేసుకునేటప్పుడే రేకు చించుతాను.

ఇంట్లో బీపీ చూసుకునేది అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే. ఆ అంకెలు బాగున్నాయని మాత్ర మానరాదనీ, వాంతులో విరేచనాలో పట్టుకుంటే మాత్రం ఆ పూట మాత్ర వేసుకునే ముందు ఫోన్ చేసి అడగమనీ డాక్టరుగారే చీటీ వెనుక రాసిచ్చారు.