ఇంకోసారి పడమనండి మేడం

నిన్న వేలూరు నుంచి చిత్తూరుకి బస్సులో వస్తూనే అనుకున్నాను, కోపం చల్లారకముందే ఇది రాసెయ్యాలని. మా వాడికి ఏడేళ్లు. డీఎండీ, అంటే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు అరిగిపోతూ వచ్చే జబ్బు. చిన్నప్పుడు వాడి లావుపాటి పిక్కలు చూసి పయిల్వాన్ అవుతాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. కింద కూర్చుంటే మోకాళ్ల మీద, తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తున్నాడని ముందు కనిపెట్టింది వాళ్ల టీచరమ్మ.

టెస్టులు పెద్ద కష్టం కాలేదు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే 200 లోపు ఉండాల్సింది 14,000 దాటింది. జీన్ టెస్టులో 45వ నంబరు నుంచి 50వ నంబరు దాకా ఎక్సాన్లు, అంటే జీన్‌లోని ముక్కలు, లేవని వచ్చింది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

ఆ రిపోర్టు వచ్చినప్పటి నుంచి మా ఆడబిడ్డ నోరు మూతపడలేదు, మేనరికం వల్లే అని. నేను మా మేనత్త కొడుకునే చేసుకున్నాను, నిజమే. కానీ ఇది తల్లి ఎక్స్ క్రోమోజోములో వచ్చే జబ్బు, నేను ముక్కూమొహం తెలియనివాణ్ని చేసుకున్నా వచ్చేదే. సుమారు మూడో వంతు మందిలో ఆ జీన్ లోపం తల్లికి కూడా లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుందట. నాకు మాత్రం ఉంది. అందుకే మా చెల్లెలికి పెళ్లి మాటలు మొదలుకాకముందే టెస్టు చేయించాను. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే మీరూ చేయించండి, వాళ్లేమనుకుంటారో వీళ్లేమనుకుంటారో అని ఆగొద్దు.

ఇక ఇంజెక్షన్ సంగతి. చుట్టాలందరూ '16 కోట్ల ఇంజెక్షన్' అని వాట్సాప్‌లో పంపేవాళ్లు. అది ఎస్‌ఎంఏ అనే వేరే జబ్బుకి. మా జబ్బుది వేరే మందు, ఎలివిడిస్, 2023 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, ధర 32 లక్షల డాలర్లు, మన లెక్కలో 25 కోట్ల పైమాటే. అరుదైన జబ్బులకు కేంద్రం ఇచ్చేది 50 లక్షల వరకే. మిగతాది చందాలు ఎత్తి పెడతామని ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. పేరు రాయను.

వీడియో తీయడానికి ఆ కంపెనీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, మర్యాదగానే ఉన్నాడు. వచ్చీ రాగానే టీవీ మీద దుప్పటి కప్పమన్నాడు. నా చెవుల కమ్మలు తీసేయమన్నాడు. మా వాడికి వేసిన పుట్టినరోజు చొక్కా మార్చి పాతది వేయమన్నాడు. సరే, అందరూ ఇలాగే చేస్తారేమో అనుకున్నాను. తర్వాత వాణ్ని నడిపించి, కింద కూర్చోబెట్టి లేవమన్నాడు. మా వాడికి ఫోన్లో పడుతున్నానన్న సంబరం, మంచం కోడు పట్టుకుని ఎన్నడూ లేనంత చురుగ్గా లేచి "అన్నా, చూశావా!" అన్నాడు. ఆ కుర్రాడు ఫోన్ దించి నా వైపు తిరిగి, "ఇంకోసారి పడమనండి మేడం, ఈసారి లేవొద్దని చెప్పండి" అన్నాడు.

నేను చెప్పాను. అదీ నా సిగ్గు. "నాయనా, ఊరికే అట్లా పడుకో, లేవొద్దు" అని నా నోటితో చెప్పాను, వాడు నా మొహంలోకి చూసి, అలాగే పడుకున్నాడు. ఏడవమంటే మాత్రం నవ్వొస్తోందన్నాడు. వచ్చిన డబ్బులో మీకెంత అని మా ఆయన అడిగితే, అది తర్వాత మాట్లాడదాం సార్ అన్నాడు ఆ కుర్రాడు.

నిన్న వేలూరులో జెనెటిక్ కౌన్సిలర్‌తో మాట్లాడాకే అసలు ఆ మందేమిటో తెలిసింది. ఆ పని ముందు చేసి ఉండాల్సింది. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ లేక మా వాడి కండరాలు అరిగిపోతున్నాయి. ఆ జీన్ మనిషి జీన్లన్నిటిలోకి పెద్దది, 79 ఎక్సాన్లు. ప్రోటీన్‌కి కావాల్సిన రాత వరకే తీసుకున్నా 11,000 అక్షరాలు, ఈ మందులో దాన్ని కండరాల్లోకి మోసుకెళ్లే వైరస్‌లో 5,000 కూడా పట్టవు. అందుకని రెండు కొసల్లో పనికొచ్చే భాగాలు ఉంచి మధ్యలో చాలావరకు తీసేసి పొట్టి ప్రోటీన్ తయారు చేశారు. నేను కుట్టుపని చేస్తాను, నాకది వెంటనే తలకెక్కింది. అవ్వ పట్టుచీర తెచ్చి మనవరాలికి లంగా కుట్టమంటారు, అంచు పోకుండా మధ్యలో చీకిన గుడ్డ తీసేస్తాం కదా, అలాగన్నమాట. ఆ ప్రోటీన్ రాతలో 46 శాతం లేకపోయినా 61 ఏళ్లకీ నడుస్తున్న మనిషిని 1990లో చూశారట, ఆ ఆలోచనకి ఊపిరి అక్కడే.

కానీ లంగా చీర కాదు. పెద్ద ట్రయల్‌లో ఏడాది తర్వాత చూస్తే, మందు తీసుకున్న పిల్లలకీ తీసుకోనివాళ్లకీ నడక, లేవడం లాంటివి చూసి వేసే మొత్తం స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2025లో నడవలేని ఇద్దరు అబ్బాయిలు ఈ మందు తర్వాత లివర్ ఫెయిలై చనిపోయారు. ఆ వైరస్‌కి ఒంట్లో ముందే యాంటీబాడీలు ఎక్కువుంటే ఇవ్వరు, ఒకసారి ఇచ్చాక రెండోసారి ఇవ్వడం కుదరదు. ఈ నాలుగు ముక్కల్లో ఒక్కటీ ఆ కుర్రాడు చెప్పలేదు, తెలుసో లేదో కూడా.

మాకిప్పుడు పొద్దున టిఫిన్ తిన్నాక స్టెరాయిడ్, సాయంత్రం మడమలు సాగదీసే వ్యాయామం, వచ్చే నెల గుండెకి ఎకో. వీడియో తీసేయమని బస్సులోంచే ఆ కంపెనీకి మెసేజ్ పెట్టాను. తీసేశాం మేడం అన్నారు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను, ఇంకా పంపలేదు.