తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు

డ్రేటన్ హాల్ అనే పాత మేడలో గైడ్ పోర్టికో గురించి చెబుతూ ముందుకు వెళ్లిపోయాడు గానీ, నేను మాత్రం ఒక తలుపు చట్రం దగ్గరే ఆగిపోయాను. డ్రేటన్ వంశపు పిల్లల ఎత్తులు అక్కడ పెన్సిల్ గీతలుగా ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

అమెరికాలోని సౌత్ కరోలినాలో, చార్ల్స్‌టన్‌కు చేరువలో, ఆష్లీ నది ఒడ్డున ఉన్న ఈ డ్రేటన్ హాల్‌ను 1738 ప్రాంతంలో జాన్ డ్రేటన్ మొదలుపెట్టాడని చెప్పేవారు. అయితే అటక దూలాల్లో కనిపించే చెట్టు వయసు వలయాలను పరిశీలించిన తర్వాత ఆ చెట్లు 1747-48 చలికాలంలో నరికినవని తేలింది; అంటే పైకప్పు పని ఆ తర్వాతే జరిగిందన్నమాట. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పద్ధతిలో కట్టిన ఎర్ర ఇటుకల మేడ ఇది. దాని రెండంతస్తుల పోర్టికో ముందుకు పొడుచుకు రావడమే కాక, కొంతమేర గోడల లోపలికీ ఒదిగి ఉంటుంది.

ఇరుపక్కల ఉండే చిన్న భవనాల్లో ఒకటి 1886 భూకంపానికి, మరొకటి 1893 తుఫానుకు పోయాయి. 1974లో చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చాక దీన్ని కొత్తగా అలంకరించకుండా, ఉన్నదున్నట్టు కాపాడాలని నిర్ణయించారు. అందుకే గదుల్లో సామాను లేదు, కరెంటూ కుళాయిలూ లేవు. నా దృష్టిలో ఆ నిర్ణయమే ఈ ఇంటికి దక్కిన అసలైన మర్యాద.

అయితే ఈ వైభవం వెనుక ఉన్నది బానిసల శ్రమ. వాళ్ల పిల్లలు ఎంత ఎత్తు పెరిగారో ఏ తలుపు మీదా గీతల్లేవు. ఆవరణలోనే ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ల శ్మశానంలో చాలా సమాధులకు పేర్లూ లేవు.